సైకిల్ చైను, సైకిల్ బెల్టు: పశ్చిమ ప్రకాశం నేల మీద

పెడల్ మీద పడిన కాలి బలాన్ని వెనక చక్రానికి అందించే ఏర్పాటు సైకిలుకు ప్రాణం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, దోర్నాల, యర్రగొండపాలెం ప్రాంతాల్లో తిరిగే సైకిళ్ళలో ఈ పని చేసేది ఉక్కు చైను. గత రెండు దశాబ్దాలుగా ఐరోపా, అమెరికాల్లో దీనికి పోటీగా పళ్ళున్న కార్బన్ బెల్టు నిలబడింది. దానికి నూనె అక్కర్లేదు, తుప్పు పట్టదు, చప్పుడు చేయదు. వాన తక్కువ, దుమ్ము ఎక్కువ అయిన ఈ మెట్ట సీమకు ఏది నప్పుతుందన్న ప్రశ్నకు జవాబు బెల్టులో ఎంత ఉందో, ఇక్కడి రాళ్ళలోను సైకిల్ షాపుల్లోను అంతే ఉంది.

చైను పుట్టిన తీరు

1870ల నాటి ఎత్తు చక్రపు సైకిలుకు చైను లేదు. పెడళ్ళు నేరుగా ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. ఒకసారి పెడల్ తిప్పితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడమే మార్గం. పడితే మెడ విరిగేంత ఎత్తులో కూర్చోవలసి వచ్చింది. 1879లో హెచ్.జె. లాసన్ ఇంగ్లండులో వెనక చక్రాన్ని చైనుతో తిప్పే సైకిలుకు రూపం ఇచ్చాడు. మరుసటి ఏడు, 1880లో, మాంచెస్టర్‌లో స్థిరపడిన స్విట్జర్లండు ఇంజనీరు హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు ఈ మార్గాన్ని ఖాయం చేసింది. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, మధ్యలో పెడళ్ళు, వెనక్కి చైను. మన వీధుల్లో నడిచే నల్ల సైకిలు ఆ వంశానిదే.

చైనులో రెండు పిన్నుల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ప్రతి అర అంగుళానికీ ఒక పిన్ను, దాని మీద ఒక బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు, పక్కన రెండు పలకలు ఉంటాయి. పాత నల్ల సైకిలు చైనులో ఇలాంటి లింకులు నూరు దాకా ఉంటాయి కాబట్టి చిన్నవీ పెద్దవీ కలిపి ఐదు వందల భాగాలు ఒక్క చైనులో కదులుతుంటాయి. ఇన్ని భాగాలున్నా దీన్ని సుత్తి, మేకు, ఒక ఇనుప దిమ్మ సాయంతో ఎక్కడైనా విప్పి ఎక్కడైనా కలపవచ్చు. చైను గొప్పతనాల్లో దీన్నే నేను మొదట చెబుతాను. నూట నలభై ఏళ్ళుగా అది నిలబడటానికి ఇదే పెద్ద కారణం.

మన పెద్ద సైకిలుకు ముందున్న చైన్ వీలుకు 48 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కాబట్టి ఒక్కో పెడల్ చుట్టుకు సైకిలు ఆరు మీటర్ల దగ్గరగా ముందుకు పోతుంది. చదును రోడ్డుకు ఇది హాయి. ఎదురు గాలిలో, నీళ్ళ క్యాన్లతో మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం మనిషి పెడళ్ళ మీద లేచి నిలబడాల్సిందే. అరవై కిలోల మనిషి అలా ఒక పెడల్ మీద పూర్తి బరువు వేస్తే చైను మీద పడే లాగుడు సుమారు 105 కిలోల బరువుకు సమానం. పెడల్ కడ్డీ పొడవు చైన్ వీలు వ్యాసార్ధం కన్నా ఎక్కువ కాబట్టి లాగుడు మనిషి బరువును మించిపోతుంది. మంచి సైకిలు చైను దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది. అందుకే చైను తెగడం అరుదు. అరగడమే దాని జబ్బు.

స్వాతంత్ర్యం తరువాత చైన్లు మన దేశంలోనే విరివిగా తయారయ్యాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ హెర్క్యులెస్, బి.ఎస్.ఎ., ఫిలిప్స్ పేర్లతో సైకిళ్ళు చేసింది. సోనేపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో వచ్చాయి. చైన్లలో మురుగప్ప వర్గం వారి డైమండ్, కోయంబత్తూరు ఎల్.జి. బాలకృష్ణన్ వారి రోలన్ పేర్లు వాహనాల మెకానిక్కులందరికీ తెలిసినవే. అన్ని కంపెనీల చైనుకూ కొలత అదే అర అంగుళం కావడం వల్ల ఒకరి సైకిలుకు ఇంకొకరి చైను అతుకుతుంది.

ఈ నేల, ఈ దుమ్ము

పశ్చిమ ప్రకాశం రాతి నేల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరాయి. భూగర్భ శాస్త్రవేత్తలకు ఇది కడప బేసిన్‌లోని నల్లమల శ్రేణి. ఇక్కడి పలకరాయి పొరలకు వారు పెట్టిన పేరు కంభం ఫార్మేషన్. దాని కిందనున్న గట్టి తెల్ల రాతికి బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అని పేరు. మార్కాపురం పలకలు దేశంలోని బడిపిల్లల చేతుల్లోకి వెళ్ళింది ఆ కంభం పొరల నుంచే. గనుల్లో రాయి చీల్చినప్పుడు, కార్ఖానాల్లో పలక కోసినప్పుడు, లారీలు మట్టి దారుల్లో పోయినప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు కలిసి ఉంటాయి.

క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. కమ్మరి వాడే ఉక్కు ఆకురాయిది సుమారు 6.5. అంటే కంటికి సరిగా కనపడని ఆ రేణువు ఆకురాయిని సైతం గీకగలదు. అది పిన్నుకూ బుష్షుకూ మధ్య సందులో దూరి, పక్కన నూనె కూడా ఉంటే, సాన పట్టే ముద్దగా మారుతుంది. పెడల్ తిప్పిన ప్రతిసారీ పిన్ను చుట్టూ ఉక్కు కొద్దికొద్దిగా తరిగిపోతుంది. చైను సాగిందని షాపుల్లో అంటారు. నిజానికి పలకలు సాగవు. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుక మందాన ఖాళీ పెరిగి, అన్నీ కలిసి చైను పొడవవుతుంది. పొడవైన చైను ఫ్రీవీలు పళ్ళ మొదట్లో కూర్చోదు, అంచుకు ఎక్కుతుంది. అలా నడపగా నడపగా పళ్ళు ఒక పక్కకు వంగి కొక్కేల ఆకారంలోకి వస్తాయి. ఆ స్థితిలో కొత్త చైను వేసినా పట్టదు, బరువు వేయగానే జారుతుంది. ఆలస్యం చేసినవాళ్ళు ఒక్క చైనుతో పోయే ఖర్చుకు బదులు చైను, ఫ్రీవీలు, చైన్ వీలు మూడూ కొనాల్సి వస్తుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి బడిపిల్లవాడి స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అదే కొలత 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు దాటితే చైను అర శాతం అరిగినట్టు. ఎనిమిదో వంతు దాటితే ఒక శాతం. అర శాతానికీ ఒక శాతానికీ మధ్య చైను మార్చేస్తే ఫ్రీవీలు బతుకుతుంది. గేర్ల సైకిళ్ళకైతే అర శాతం దాటగానే మార్చడం మంచిది. వాటి చైను సన్నది, పళ్ళు పొట్టివి. పైగా చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి నెట్టే డిరైలర్ నేలకు జానెడు ఎత్తులో వేలాడుతూ రోడ్డు మీది దుమ్మంతా ఎత్తుకుంటుంది. పల్లెల్లో పిల్లలకు కొనిచ్చే గేర్ల సైకిళ్ళు ఏడాది తిరగకుండా ఒకే గేరులో నిలిచిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వాడేసిన ఇంజనాయిల్ చైను మీద పోసే అలవాటు ఊరూరా ఉంది. ఈ నేలలో దానికన్నా పెద్ద హాని లేదు. ఇంజనాయిల్ జిగురుగా చైను పైనంతా అంటుకుని దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. అందులో ఇంజను అరుగుదల నుంచి వచ్చిన లోహపు నలుసులు ముందే ఉంటాయి కూడా. పలచని నూనె రోలర్ల మీద చుక్క చుక్కగా వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. చైను లోపల తడి ఉండాలి, పైన పొడిగా ఉండాలి.

ఎండ ఎక్కువ, వాన తక్కువ కాబట్టి ఈ ప్రాంతానికి మైనం పద్ధతి కూడా బాగా సరిపోతుంది. చైనును విప్పి, డీజిల్‌తో కడిగి, జిడ్డు మిగలకుండా సబ్బు నీళ్ళతో మళ్ళీ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పారఫిన్ మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో ఉంచిన ఇంకో గిన్నెలో కరిగించి, అందులో చైను ముంచి తీయాలి. చల్లారిన మైనానికి దుమ్ము అంటదు. వానలో తడిస్తే మాత్రం తుప్పు త్వరగా వస్తుంది కాబట్టి వానాకాలంలో మళ్ళీ నూనెకు మారడం మేలు.

బెల్టు నడిచిన దారి

బెల్టు కొత్త వస్తువేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి వార్తలు మోసిన ట్రయంఫ్ మోడల్ హెచ్ మోటారు సైకిలు వెనక చక్రాన్ని తిప్పింది బెల్టుతోనే. పళ్ళు లేని ఆ బెల్టు వానలో జారేది, సాగేది. 1920ల్లో చైను దాన్ని మోటారు సైకిళ్ళ నుంచి దాదాపు వెళ్ళగొట్టింది.

బెల్టు తిరిగి రావడానికి దానికి పళ్ళు మొలవాల్సి వచ్చింది. 1940ల్లో అమెరికాలో యు.ఎస్. రబ్బర్ కంపెనీలో పనిచేసిన రిచర్డ్ కేస్ పళ్ళ బెల్టును రూపొందించాడు. మొదట అది కుట్టు మిషన్లలోకి వెళ్ళింది. 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 కారు ఇంజనులో వాడింది. 1980లో హార్లీ డేవిడ్‌సన్ తన మోటారు సైకిలు వెనక చక్రానికి బెల్టు తెచ్చింది. సైకిళ్ళలో జపాన్‌లోని బ్రిడ్జ్‌స్టోన్ 1980ల్లో ప్రయత్నించింది. 1987లో మార్క్ శాండర్స్ రూపొందించిన స్ట్రైడా మడత సైకిలు కూడా బెల్టుదే. వీటిలో తీగలు బలం చాలక పెద్ద లాగుడుకు సాగేవి. అమెరికాలోని డెన్వర్ నగరపు గేట్స్ సంస్థ 2007 ప్రాంతంలో కార్బన్ తీగలతో బెల్టు తెచ్చాక కథ మారింది.

ఈ బెల్టులో లాగుడు మోసేది లోపలి కార్బన్ తీగలు. పైన పళ్ళు పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్కువి. పన్నుకూ పన్నుకూ దూరం 11 మిల్లీమీటర్లు. చైను మూడు వందల గ్రాములకు పైగా తూగితే బెల్టు నూరు గ్రాముల లోపే. కదిలే కీలు ఒక్కటీ లేదు కాబట్టి దుమ్ము చొరబడి అరగదీయడానికి లోపలి సందు లేదు. పళ్ళ మధ్య చిక్కిన మట్టి తిరుగుతుండగానే బయటికి రాలిపోయేలా చక్రాలకు ఖాళీలు ఉంచారు. కాస్త నీళ్ళు పోసి కడిగితే శుభ్రం. చైనుకన్నా చాలా ఎక్కువ దూరం మన్నుతుందని తయారీదారుల మాట. దుమ్ము ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే మార్కాపురానికి బెల్టే తగినది, ఇందులో నాకు అనుమానం లేదు.

అయితే బెల్టు తనతో పాటు కొన్ని షరతులు తెస్తుంది. అది అతుకు లేని వలయం, మధ్యలో విప్పి కలపడం కుదరదు. సైకిలు వెనక త్రికోణపు కడ్డీల లోపలి నుంచి దాన్ని తొడగాలంటే ఫ్రేము కుడివైపు ఒకచోట బోల్టులతో విడిపోయేలా కట్టి ఉండాలి. మన నల్ల సైకిలు ఫ్రేము అలా విడిపోదు. కోసి, విడిపోయే ముక్క వెల్డింగ్ చేయించుకుంటే సరిపోదా అంటే, సన్నని గొట్టాన్ని అలా కోసి నిలబెట్టడం ప్రమాదం. బరువులు మోసే సైకిలుకు అసలే చేయకూడదు.

బెల్టుకు డిరైలర్ గేర్లు పనికిరావు. పక్కకు నెడితే అది పళ్ళ మీద నుంచి ఊడిపోతుంది. గేర్లు కావాలంటే వెనక హబ్బు లోపల ఇమిడినవి ఉండాలి. ఇంగ్లండు స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళదే. జర్మనీ రోలాఫ్ 14 గేర్ల హబ్బు 1998లో వచ్చింది. ఇవి మంచి యంత్రాలే, కానీ ఒక్కో హబ్బు ఖరీదుకు మన ఊళ్ళో ఒకటికి మించి సైకిళ్ళు కొనవచ్చు. బెల్టు పొడవు కూడా 113, 115, 118 పళ్ళు అన్నట్టు నిర్ణీత సైజుల్లోనే దొరుకుతుంది. ముందు పళ్ళ చక్రానికి రెండు పళ్ళు తగ్గించి పెడల్ తేలిక చేద్దామనుకుంటే బెల్టూ మార్చాలి. చైనైతే లింకులు తీసి సరిచేసుకోవచ్చు.

బిగుతు సంగతి మరీ సున్నితం. చైను మధ్యలో అర అంగుళం ఊగితే సరైన బిగుతు. మెకానిక్కు వేలితో నొక్కి చెప్పేస్తాడు. బెల్టు లూజైతే బరువు పడినప్పుడు పళ్ళు దాటేస్తుంది. ఎక్కువ బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది. బెల్టును వేలితో మీటి, ఆ శబ్దం సెకనుకు ఎన్ని కంపనాలో ఫోన్‌లోని యాప్‌తో కొలిచి బిగుతు సరిచూసే పద్ధతిని గేట్స్ తెచ్చింది. ముందు వెనక పళ్ళ చక్రాలు ఒకే గీతలో ఉండాలి. బెల్టును చేతితో మెలితిప్పినా, మడిచినా లోపలి కార్బన్ తీగలు విరుగుతాయి. బెల్టుకూ పళ్ళకూ మధ్య కంకర రాయి చిక్కినా అదే ప్రమాదం. పలక గనుల దారిలో అలాంటి రాళ్ళకు కొదవ లేదు.

బలం ఎక్కడ పోతుంది

1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం సైకిలు చైనును ప్రయోగశాలలో పరీక్షించింది. అనుకూలమైన పరిస్థితుల్లో కాలి బలంలో 98.6 శాతం దాకా చక్రానికి చేరింది. ప్రతికూల పరిస్థితుల్లో 81 శాతానికి పడిపోయింది. లాగుడు ఎక్కువైతే, పళ్ళ చక్రాలు పెద్దవైతే నష్టం తగ్గింది. బెల్టుకు ముందే గట్టి బిగుతు ఉండాలి కాబట్టి మెల్లగా తొక్కినా కొంత బలాన్ని అది ఎప్పుడూ తినేస్తుంది. తరువాతి పరీక్షల్లో కొత్త చైనుకూ బెల్టుకూ తేడా 250 వాట్ల దగ్గర ఒక వాటు ప్రాంతంలో తేలింది. చేనుకు పోయే రైతుకు, బడికి పోయే పిల్లకు అది తెలియనే తెలియదు. ఎండిపోయి కిర్రుమంటున్న చైనులో పోయే బలం దానికన్నా ఎక్కువే ఉంటుంది.

షాపు దగ్గర తేలే తీర్పు

పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్న నేల ఇది. పంక్చరు మామూలు విషయం. వెనక చక్రం విప్పకుండానే టైరును ఒక పక్క ఊడదీసి, ట్యూబు లాగి, ప్యాచీ వేసి మూసేయడం ప్రతి సైకిల్ షాపులోనూ జరిగే పని. బెల్టు సైకిలుకూ అలా చేయవచ్చు. టైరు మార్చాల్సి వచ్చి చక్రం దించితే మాత్రం బిగుతు, వరస మళ్ళీ సరిచేయాలి. చైను తెగినా ఊడినా దారిలో ఎవరో ఒకరు పెట్టగలరు. లింకు దొరుకుతుంది, చైను లాకు దొరుకుతుంది. కొత్త చైను కొన్ని వందల్లో వస్తుంది. బెల్టు తెగితే బండి తోసుకుంటూ ఇంటికి రావాలి. తరువాత ఆ సైజు బెల్టు ఏ పెద్ద నగరం నుంచో, విదేశం నుంచో వచ్చేదాకా ఆగాలి. బెల్టు ఒక్కదానికే మామూలు సైకిలు ఖరీదులో చెప్పుకోదగ్గ భాగం పోతుంది.

విద్యుత్ స్కూటర్లలో కూడా బెల్టు, చైను రెండూ ఉన్నాయి. ఏథర్ 450 స్కూటరు వెనక చక్రాన్ని బెల్టు తిప్పుతుంది. ఓలా తొలి ఎస్1 స్కూటర్లకూ బెల్టే ఉండేది. 2025 జనవరిలో విడుదల చేసిన మూడో తరంలో ఆ సంస్థ బెల్టు తీసి చైను పెట్టింది. దేశమంతటా సర్వీసు కేంద్రాలున్న కంపెనీలే ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. సర్వీసు కేంద్రమే లేని సైకిలుకు నిర్ణయం ఇంకా జాగ్రత్తగా చేయాలి.

చైనుకూ బెల్టుకూ మధ్య మూడో దారి ఒకటి ఎప్పటినుంచో ఉంది. హాలండులో రోజువారీ సైకిళ్ళకు చైనును అన్ని వైపులా మూసేసే కవరు ఉంటుంది. అందులో చైనుకు వాన తగలదు, దుమ్ము పడదు, నూనె ఎక్కువకాలం నిలుస్తుంది. మన దేశంలో కూడా నిండు చైన్ కవరుతో నల్ల సైకిళ్ళు వచ్చేవి. ఖర్చు తగ్గించడానికి, బరువు తగ్గించడానికి దాన్ని పైభాగం మాత్రమే కప్పే సగం కవరుగా మార్చారు. ఆడపిల్లల లంగాలు, చున్నీలు, మగపిల్లల ప్యాంట్లు చైనులో చిక్కుకోకుండా ఈ సగం కవరు కొంత ఆపుతుంది, దుమ్మును మాత్రం ఆపలేదు.

బెల్టు ఎవరికి తగును అంటే, విద్యుత్ సైకిళ్ళను గుంపుగా నడిపే సంస్థలకు, సొంత మెకానిక్కు, సొంత నిల్వ ఉన్నవాళ్ళకు, నగరంలో రోజూ చాలా దూరం తొక్కేవాళ్ళకు తగును. ఒక పట్టణమంతా ఒకే రకం సైకిళ్ళు అద్దెకిచ్చే చోట అది చైనుకన్నా చౌకగా కూడా తేలవచ్చు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట అడవి దాకా తొక్కాలనుకునే యాత్రికుడికి బెల్టు, హబ్బు గేర్లు సుఖమే. అయితే ఒక బెల్టు అదనంగా వెంట ఉండాలి, దాన్ని మెలిపెట్టకుండా చుట్టడం తెలియాలి.

మిగతా అందరికీ చైనే. రాష్ట్ర ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. అలాంటి పథకం మళ్ళీ వచ్చినప్పుడు టెండరు నిబంధనల్లో నిండు చైన్ కవరును తప్పనిసరి చేయాలని, సైకిలుతో పాటు ఒక పలచని నూనె సీసా ఇవ్వాలని, బడిలోనే స్కేలుతో చైను కొలిచే పద్ధతి ఒక పూట నేర్పాలని అధికారులకు ఈ వ్యాసం విన్నపం. మార్కాపురం దుమ్ములో ఆ పిల్లల సైకిళ్ళు చదువు పూర్తయ్యేదాకా నడవడానికి ఇంతకన్నా ఖరీదైన సాంకేతికత అక్కర్లేదు.